బురుల్చా అత్తయ్య కాళ్ళ దారం

మా అత్తయ్య బురుల్చా నడిచినంతసేపూ ఏదో ఒకటి తన్నుకుంటూనే ఉండేది. గడప, బొగ్గుల బకెట్, పడుకున్న కుక్క, ఏదీ అడ్డం లేకపోతే తన రెండో కాలు. అరవై నాలుగేళ్ళ మనిషి పాలగిన్నె పట్టుకుని కొట్టం నుంచి ఇంటికి వచ్చేసరికి సగం పాలు మంచులో పోసి వచ్చేది. పక్కింటి జూరా గోడ మీంచి చూసి, "వదినా, నీ కాళ్ళ దారం ఇంకా ఎవరూ కోయలేదే" అనేది. అత్తయ్య నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఎందుకంటే అది ఉత్త వేళాకోళం కాదు, నిజం.

మా కిర్గిజ్ కొండల అలాయ్ లోయలో పిల్లలు తొలి అడుగులు వేస్తున్నప్పుడు నలుపూ తెలుపూ ఉన్ని కలిపి పేనిన దారం వాళ్ళ కాళ్ళకు కడతాం. ఊళ్ళోవాళ్ళు పరుగు పందెం పెట్టుకుంటారు. ముందు వచ్చినవాళ్ళు కత్తితో దారం కోస్తే, ఆ పిల్ల ఇక జన్మలో తొట్రుపడదు. కోసినవాళ్ళ నడకే పిల్లకూ వస్తుందంటారు. అత్తయ్య నడక నేర్చిన ఏడు వాళ్ళమ్మ మంచం పట్టింది. చెల్లెల్ని చంకనేసుకుని తిరిగిన అక్క ఉమ్సునైకి అప్పటికి పదేళ్ళు. దారం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఉమ్సునైని తర్వాత కనుమ అవతల ముర్గాబ్‌కు ఇచ్చారు. అప్పుడంతా ఒకే దేశం. తర్వాత మధ్యలో సరిహద్దు వచ్చింది, పాస్‌పోర్టులు వచ్చాయి. తల్లి చావుకు అక్క వచ్చి వెళ్ళాక ముప్పై ఒక్క ఏళ్ళుగా వీళ్ళిద్దరూ కలుసుకోలేదు. అత్తయ్య ఒకసారి బయలుదేరింది కూడా. లారీ ఎక్కబోతూ జారి మడమ విరగ్గొట్టుకుని, ఆ లారీలోనే ఆసుపత్రికి పోయింది. దాంతో ప్రయాణాలు తన రాతలో లేవని తేల్చేసుకుంది.

నేను కోడల్ని, బెగైమ్‌ని. ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్ళు. నా తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాతైతే నోరు రాదు. పోయిన అక్టోబరులో ఉమ్సునై కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మకి కళ్ళు మసకలేస్తున్నాయి పిన్నీ. చూపున్నప్పుడే నీ మొహం చూడాలంటోంది" అన్నాడు. వీడియోలో చూడమందామంటే ముర్గాబ్‌లో మాటే సరిగా అందదు, ఇక బొమ్మ ఏమందుతుంది. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. అత్తయ్య మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. బంగాళాదుంపలు ఇంకా భూమిలోనే ఉన్నాయి, మా ఆయన బొగ్గు గనిలో ఉన్నాడు, పాపకి జ్వరం.

"ఇప్పుడేం తొందర అత్తయ్యా? ఎండలొచ్చాక వెళ్దురుగాని. నేనొక్కదాన్నీ ఎన్నని చూసుకోను?" అన్నాను.

ఆమె లారీని పంపేసింది. మూట తిరిగి లోపలికి తెస్తూ గడప తన్నుకుని పడింది. "చూశావా, నా కాళ్ళే వద్దంటున్నాయి" అంది. నాకు హమ్మయ్య అనిపించింది. మూడో రోజు కురిసిన మంచుకు కనుమ మూసుకుపోయింది.

ఆ మంచులోంచే వచ్చింది ఇల్దికో. హంగేరీ మనిషి, నలభై నాలుగేళ్ళు, వాళ్ళ ఊరి నుంచి ఇక్కడిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. కనుమ మలుపుల్లోంచి వెనక్కి తిరిగి, పెదాలు నీలంగా, సైకిలు నెట్టుకుంటూ మా గేటు ముందు నిలబడింది. అత్తయ్య ఆమెను వదిలేసి సైకిల్ని ఎగాదిగా చూసింది.

"ముందు ఆ గాడిదను లోపలికి తోలుకు రావే పిల్లా, వణికిపోతోంది" అంది.

ఇద్దరికీ అంతో ఇంతో వచ్చిన బడి రష్యన్‌లో నేనా మాట చెబితే ఇల్దికో నవ్వలేక నవ్వింది. సైకిల్ని పొయ్యిగదిలో గోడకు ఆనించి, పాత ఉన్ని దుప్పటి కప్పారు. రెండు రోజులుంటానన్న మనిషిని ఎప్పుడు వెళతావని ఎవరమూ అడగలేదు. ఆమే ఒకనాడు గిన్నెలు తోముతూ, కనుమ తెరిచేదాకా ఉండనా అని అడిగింది. "ఉండకపోతే ఎగిరి పోతావా?" అంది అత్తయ్య.

ఆ చలికాలం నాకు ఒకే ఒక్క పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తుంది. కిటికీ సగం దాకా మంచు. పై సగంలోంచి పాలవిరుగుడు రంగు వెలుతురు లోపలికి దిగేది. కెటిల్ సన్నగా ఊదుతూనే ఉండేది. వాళ్ళిద్దరూ ఒత్తిన ఉన్నితో తివాచీ కుడుతూ, ఒకరు కిర్గిజ్‌లో, ఒకరు హంగేరియన్‌లో గంటలకు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఒకే చోట ఆగి, ఒకేసారి నిట్టూర్చేవాళ్ళు. పాప వాళ్ళ మధ్య నిద్రపోయేది. బయట ఏ రోజు నడుస్తోందో నాకూ తెలిసేది కాదు.

ఇల్దికో తన దారుల పటాన్ని గోడకు అంటించింది. అత్తయ్య వేలు మా ఊరి మీద పెట్టి ముర్గాబ్ దాకా జరిపింది.

"ఇంతేనా? జానెడు కూడా లేదే" అంది.

"దాని గాడిద మీద అయిదు రోజులట" అన్నాను.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, అక్క ఇంటికి వెళ్ళొచ్చానని చెప్పేది. ఎన్నడూ చూడని ఇల్లు. వాకిట్లో రెండు జడలబర్రెలు కట్టేసి ఉన్నాయనేది, కడవ మీద మూత సరిగా కూర్చోలేదనేది. కలలో ఒక్కసారి కూడా కాలు తన్నుకోలేదట. "ఇవాళ రొట్టెలు కాలుస్తోంది. వెనకే నిలబడ్డాను. ఎంతసేపటికీ తిరిగి చూడదేం?" అంది ఒకరోజు. ఇల్దికో నా వైపు చూసింది. నేను దాన్ని రష్యన్‌లోకి మార్చి చెప్పలేకపోయాను. బంగాళాదుంపల కోసం ఆమెను ఆపింది నేనే కదా.

మార్చిలో జూరా మనవడికి దారం కోశారు. ఊరంతా వాళ్ళ ముంగిట్లో ఉంది, మంచు పైపైన కరిగి మెరుస్తోంది. పిల్లాడి దారం తెగి, జనం రొట్టెల వైపు కదులుతుంటే ఇల్దికో మిగిలిన ఉన్ని తీసుకుని పేనడం మొదలుపెట్టింది. తిన్నగా వచ్చి అత్తయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బూట్ల మీదుగా రెండు కాళ్ళకూ దారం చుట్టింది. ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ముసలి పిల్లకి దారం కోస్తారట, రండర్రా!" జూరా అరిచింది. "పరిగెత్తేదెవరు?"

"నేను" అని ఇల్దికో వచ్చీరాని కిర్గిజ్‌లో అంది. అంత దూరం తిరిగిన మనిషి, కోయాల్సింది ఆమే. అందరూ అదే అన్నారు. నాకేమైందో, పాపను జూరా చేతిలో పెట్టి నేనూ వెళ్ళి గీత మీద నిలబడ్డాను.

"నువ్వా?" జూరా పకపకా నవ్వింది. "నువ్వు కోస్తే మీ అత్త వంటింటి దాకానే నడుస్తుంది!"

పరిగెత్తాను. పెళ్ళయ్యాక అలా పరిగెత్తింది అదే. గౌను మోకాళ్ళ దాకా ఎత్తి, బురదలో జారుతూ, రొప్పుతూ. ఇల్దికో రెండడుగులు వెనకబడింది. కావాలనే వెనకబడిందని ఇప్పటికీ నా అనుమానం. నేను వంగి కత్తిని బూటుకూ దారానికీ మధ్య దూర్చాను. "కాలు కోసేవు, దారం కొయ్యి" అంది అత్తయ్య. కోశాను. ఆమె లేచి ముంగిలి దాటి, కాలవ మీది పలక దాటి, రోడ్డు దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చింది. ఎక్కడా కాలు తన్నుకోలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ వారమే మా ఆయన ఆమెను ఓష్ పట్నం తీసుకెళ్ళి, చలికాలంలో గడువు తీరిన పాస్‌పోర్టుకు ఫొటో తీయించాడు.

మే నెల మధ్యలో కనుమ తెరిచారు. ఇల్దికో ముందు బయలుదేరింది. అత్తయ్య సైకిలు హేండిలుకు ఎండు పెరుగు ఉండల సంచి కట్టి, "మేతకి" అంది. నాలుగు రోజులకు లారీ వచ్చింది. అత్తయ్య నా భుజం కూడా పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. గాలి హోరులో ఆమె గొంతు విడివిడిగా వినిపించింది.

"చేరాను. అక్క చూడలేదే, బెగైమ్."

"ఇంట్లో లేదా?"

"ఉంది. జనవరిలోనే పూర్తిగా పోయాయట కళ్ళు. చెబితే ఇంకెందుకులే అని రానేమోనని కొడుకుని చెప్పనివ్వలేదట. మొహమంతా తడిమింది. అమ్మ ముక్కు నీకే వచ్చిందే అని ఏడ్చింది."

 దుంపలు, జ్వరం, గుమ్మం ముందు ఆగిన లారీ, అన్నీ గుర్తొచ్చాయి. 

"అక్టోబరులో నేను వెళ్ళనిచ్చుంటే చూసేది కదా అత్తయ్యా."



"చూసేది" అంది ఆమె. "ఇంక పెట్టెయ్ తల్లీ. అక్కకి తల దువ్వాలి."

పోనీలే అనలేదు, నీ తప్పు కాదనీ అనలేదు. నన్ను తల్లీ అని పిలవడం మాత్రం ఈ పదకొండేళ్ళలో అదే మొదలు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చాను.