నెల ఆలస్యంగా పూసిన వలిసె చేను

నేను తీసిన ఫొటోల్లో అందరికీ నచ్చేది ఒకటుంది. వెనక నీలం కొండలు, కొండల నడుమ మంచు, ముందు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పసుప్పచ్చగా విరగబూసిన వలిసె చేను. హోటళ్లవాళ్లు గోడలకు పెట్టుకున్నారు, క్యాలెండరువాళ్లు డిసెంబరు పేజీకి తీసుకున్నారు. "ఎంత అదృష్టమండీ, సరిగ్గా ఆ టైముకి అక్కడున్నారు" అంటారు చూసినవాళ్లు. నేను నవ్వేసి ఊరుకుంటాను. అదృష్టమేమీ కాదు. ఆ పూలను ఆ టైముకి పూయించింది నేనే.

అరకులో నాది చిన్న దుకాణం. కొండలు, జలపాతాలు, కాఫీ తోటల ఫొటోలు ప్రింట్లు వేసి అమ్ముతాను. నిజానికి దుకాణాన్ని నిలబెట్టేది ఆ అమ్మకాలు కాదు, శీతాకాలం సెలవుల్లో పట్నాల నుంచి వచ్చే బ్యాచిలు. వాళ్లను మూడు రోజులు కొండల్లో తిప్పి ఫొటోలు తీయడం నేర్పిస్తాను. మాది విజయనగరం వైపు. ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయింది. ఏ నెలలో ఏ కొండ మీద ఎండ ఎన్నింటికి పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. నూనె కోసం వేసే ఈ వలిసెకి గింజ ఎలా కడుతుందో మాత్రం ఏనాడూ ఎవరినీ అడగలేదు.

ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. వలిసెలు నవంబరులో పూస్తాయి, నా బ్యాచిలు డిసెంబరు ఆఖర్లో వస్తాయి. అప్పటికి చేలన్నీ ఎండి కోతకు వచ్చేస్తాయి. "మీ ఆన్‌లైన్ పేజీలో పూలు చూసి వచ్చాం, ఇక్కడ ఎండుగడ్డి చూపిస్తున్నారేంటి?" అని ఒకాయన అందరి ముందూ నిలదీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పూలేమైనా నా జీతగాళ్లా, సెలవు చూసుకుని రావడానికి అని లోపల తిట్టుకున్నాను. మరుసటి ఆగస్టులో నేను చేసింది సరిగ్గా అదే, పూలను జీతానికి పెట్టుకోవడం.

దుకాణానికి అయిదారు కిలోమీటర్ల దూరాన, కొండవాలులో ఒకామె చేను ఉంది. నాకన్నా పదేళ్లు పెద్దది, అందుకని అప్పా అని పిలుస్తాను. మా వైపు అక్కని అలాగే అంటాం. సంతలో ఆమె దగ్గర పసుపు కొనడంతో మొదలైన పరిచయం. ఎప్పుడు వెళ్లినా కెమెరా సంచి దింపనిచ్చి, రాగి అంబలి గ్లాసు చేతిలో పెట్టాకే మాట్లాడేది. ఆమె చేను నుంచి లోయంతా కనిపిస్తుంది. నాకు కావలసింది ఆ చేనే.

"అప్పా, ఈ ఏడు వలిసెలు ఓ నెల ఆగి జల్లవా?" అని అడిగాను.

"ఆగితే ఏటవుద్ది?"

"సెలవులకి పూత మీదుంటాయి. నా వాళ్లని నీ చేనుకే తీసుకొస్తాను."

"మంచులో ఎవులూ పూత పెట్టరు సెల్లీ. మా అత్త కాలం నుంచీ మాది ఈ నెలే."

"ఒక్క ఏడే కదా అప్పా."

"సరే మరి. సదువుకున్నదానివి, నీకు తెలీకుండా సెప్తావేటి" అంది.

ఆ మాటకి అప్పుడు నాకు సంతోషం వేసింది. ఇప్పుడు తలుచుకుంటే తల ఎత్తలేను.

జల్లే రోజున కూడా వెళ్లాను. మట్టి మీద ఆమె చెయ్యి విసురుతుంటే ఫొటోలు తీస్తూ, "ఇంకా ఒత్తుగా జల్లప్పా, మధ్యలో నేల కనపడితే బాగోదు" అన్నాను. విత్తనం ఆమె ఎండిన ఆనపకాయ బుర్రలో దాచి పొయ్యి మీద వేలాడదీస్తుంది. పంట పోతే మళ్లీ వేసుకోవడానికి అడుగున రెండు గుప్పెళ్లు ఎప్పుడూ ఉంచేస్తుంది. ఆ రోజు బుర్ర పట్టుకుని ఒక క్షణం ఆగింది, తర్వాత పూర్తిగా బోర్లించేసింది. ఆమె ఆగడం నేను కెమెరాలోంచి చూశాను. ఎందుకు ఆగావని అడగలేదు.

డిసెంబరు ఆఖర్లో లోయలో చేలన్నీ కోసేసి ఉన్నాయి, అప్ప చేను ఒక్కటే పూసింది. బ్యాచివాళ్లు వెర్రెక్కిపోయారు. "తేనెటీగలు కూడా లేవండీ, హాయిగా మధ్యలో కూర్చోవచ్చు" అంది ఒకావిడ. ఆమెతోపాటు నేనూ నవ్వాను. ఏటా నవంబరులో మైదానం నుంచి తేనెవాళ్లు పెట్టెలు తెచ్చి చేల గట్లమీద పెడతారు, పూత అయిపోగానే పట్టుకుపోతారు. కొండ మీది ఈగలేమో ఆ మంచులో బయటికి రావు. చేను అంత నిశ్శబ్దంగా ఉందేమిటని నాకూ అనిపించింది. ఫొటోలకి మంచిదేలే అనుకున్నాను.

కోత అయ్యాక, ఫొటోకి ఫ్రేము కట్టించి అప్పకి ఇద్దామని పట్టుకెళ్లాను. కళ్లంలో ఆమె, ఆమె భర్త వలిసెలు చెరుగుతున్నారు. చేట ఎగరేసిన ప్రతిసారీ అంతా గాలికి పోతోంది, చేటలో ఏమీ మిగలడం లేదు. ఆమె కాస్త అరచేతిలో నలిపి ఊది చూపించింది.

"పొల్లు సెల్లీ. అంతా పొల్లే."

"ఎందుకలా?"

"ఈగ వాలకపోతే గింజెలా కడతాది?" అంది. కోపంగా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు. ఆమె భర్త నా వైపు చూడకుండా చేట కింద పెట్టి దిగువకి వెళ్లిపోయాడు.

సంతలో విత్తనం కొనిస్తానన్నాను.

"కొనొచ్చు. అది మాది కాదు కదేటి" అంది. చైత్రంలో వాళ్ల ఊళ్లో ఇటుకల పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనం దేవత ముందు పెడితే, పూజారి అన్నీ కలిపి, తలా గుప్పెడు తిరిగి ఇస్తాడు. ఆమె అత్త ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు నుంచి ఆ కుప్పలో ఆ గింజ ఉంది. అదంతా నాకు చెప్పి, చివర్న అడిగింది. "నీ ఫొటోలు బాగొచ్చినాయా?"

బాగా వచ్చాయని చెప్పాను. ఫ్రేము ఇవ్వడానికి మొహం చెల్లక మళ్లీ సంచిలోనే పెట్టుకుని దిగొచ్చేశాను.

నేను కొనిచ్చిన విత్తనమే ఆమె పండుగకి పట్టుకెళ్లింది. ఆ ఏడు వాళ్లింట్లో వలిసె నూనె లేదు. దుకాణం ప్యాకెట్లతో గడిపారు. ఆ డిసెంబరులో ఆమె పోసిన అంబలి తాగి బ్యాచివాళ్లు గట్టు మీద ఆమె చేతిలో పెట్టిన డబ్బే ఆ ప్యాకెట్లకి సరిపోయింది. ఆ ఫొటో అమ్మడం ఆపేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆపలేదు. అడిగినవాళ్లందరికీ ప్రింటు వేసి ఇస్తూనే ఉన్నాను, అదీ నా బుద్ధి.

మొన్న ఆగస్టులో, సంత రోజున, అప్ప నా దుకాణానికి వచ్చింది. వానలు బాగా పడ్డాయి. వచ్చే దారిలో అన్ని చేలలోనూ వలిసెలు జల్లుతున్నారని చెప్పింది.

"మరి నువ్వు జల్లేశావా అప్పా?"

"లేదు సెల్లీ. ఎప్పుడు జల్లమంటావో నిన్ను అడుగుదామని ఆగినాను."

"నన్ను అడగొద్దప్పా. మీ నెల ఇదే కదా. బేగి వెళ్లి ఇవాళే జల్లెయ్" అన్నాను.

ఆమె కదల్లేదు. నా మొహంలోకి భయంగా చూసింది.

"అయితే ఈ ఏడు నీ వోల్లని తేవేటి?"