గురువారాన్ని మింగిన పట్టిక

శిర్సిలో వేదావతి భట్ట ఇల్లెక్కడని అడిగితే "కంప్యూటరక్కా?" అని దారి చూపిస్తారు. బస్టాండు వెనుక మేడమీద, ఆరుగురు పనిచేసే చిన్న ఆఫీసులో, బడులకు కావలసిన ప్రోగ్రాములు రాస్తుంది. వయసు నలభై మూడు. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, తులసికి నీళ్ళు పోశాకే కంప్యూటరు ముట్టుకుంటుంది. అయితే ఊరు ఆమెను తలుచుకునేది ఆఫీసు పనికి కాదు, వారాల పిల్లల జాబితాకు.

అడవి ఊళ్ళ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు శిర్సి ఇళ్ళు వారాలు పెడతాయి, అంటే ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. పూర్వం ఒక కులం పిల్లలకే సాగిన ఆచారం. ఇప్పుడు ఎవరి పిల్లయినా అదే పంక్తి, అదే విస్తరి. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, యాభై రెండు ఇళ్ళు. ఒక్కో పిల్లకు ఎన్నో ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఎందరో పిల్లలు. ఏళ్ళ తరబడి ఒక అట్ట మీద నడిచిన ఈ వ్యవహారాన్ని దసరా వెళ్ళాక వేదావతి కంప్యూటరులోకి ఎక్కించింది.

పిల్లలకొక పట్టిక, ఇళ్ళకొక పట్టిక, రెంటినీ ముడివేయడానికి నడుమ మూడోది. ఆమె వాడే సాధనం ఆ పట్టికల గొడవంతా లోపల దాచేసి, "రేణుక ఇళ్ళు" అంటే ఇళ్ళను, "గంగక్క పిల్లలు" అంటే పిల్లలను తెచ్చి ముందు పెట్టేది. నడిమి పట్టికలో ఏ రోజో రాసుకోవడానికి ఒక గడి చేర్చింది. ఒకటే పేరు పొరపాటున రెండుసార్లు ఎక్కకుండా కాపలా కూడా పెట్టింది: ఈ పిల్లా ఈ ఇల్లూ జతగా ముందే ఉంటే ఊరుకో, లేకపోతేనే చేర్చు.

"ఒక్క తప్పూ చూపించకుండా మొత్తం ఎక్కేసింది, చూశావా!" అని మురిసిపోయింది.

పక్క బల్ల దగ్గరి నజీర్ తల గోక్కున్నాడు. "తప్పు చూపించకపోతేనే నాకు భయమక్కా. మా అత్తగారు మాట్లాడకుండా కూర్చున్నట్టుంటుంది."

ఆ తర్వాతి ఆదివారం నుంచి ప్రతి పిల్ల ఫోనుకూ వారం జాబితా వెళ్తోంది. ఇళ్ళవాళ్ళకు జాబితా అక్కర్లేదు. ఎవరి రోజు వాళ్ళకు తెలుసు.

నాలుగో గురువారం పొద్దున్న గంగక్క ఆయాసపడుతూ ఆఫీసు మెట్లెక్కింది. అరవై దాటిన మనిషి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"వేదా, మా ఇంటి పేరు కొట్టెయ్యి తల్లీ."

"అదేం మాటక్కా?"

"రేణుకకి నా వంట మొహం మొత్తింది. మూడు గురువారాలు విస్తరి వేసుకుని రెండింటిదాకా కూర్చున్నా. రాలేదు. సోమవారం మాత్రం వస్తుంది, తలొంచుకుని తింటుంది, పోతుంది."

"ఎందుకు రాలేదని అడగలేదా?"

"ముద్ద నోట్లో పెట్టుకున్న పిల్లని అడుగుతామటే? ఆ ముద్ద గొంతు దిగుతుందా?"

వేదావతికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. రేణుక సిద్ది యల్లాపురం అడవి పిల్ల, నర్సింగు రెండో ఏడు. పోయినవారం దారిలో కలిసి, భోజనమైందా అని అడిగితే "గురువారం వ్రతం పట్టానక్కా" అంది. ఈ వయసులో ఎంత భక్తి అని తాను మెచ్చుకుంది కూడా. నిన్ననేమో ఆ పిల్ల చదువు మానేసి ఇంటికి పోతానంటోందని ఆమెతో గదిలో ఉండే పిల్లలు చెప్పారు.

జాబితా తెరిచింది. రేణుక, గంగక్క, సోమవారం. గురువారం ఖాళీ. సొరుగులోంచి పాత అట్ట తీసింది. గంగక్క పేరుకెదురుగా రెండు గుర్తులు, సోమవారానికొకటి, గురువారానికొకటి.

"నా కాపలావాడే మింగాడు," అంది నీరసంగా. "జత ముందే ఉంది కదా అని గురువారాన్ని గుమ్మంలోంచే పంపేశాడు."

నజీర్ వంగి చూశాడు. "జత ఒకటేనక్కా. ఆకలి మాత్రం రెండు రోజులు."

ఆ గురువారం పిల్లది కాదు, ఇంటిది కాదు. ఇద్దరి మధ్య ఉన్న మాటది. నడిమి పట్టికను ఉత్త ముడిలా చూడటమే తన తప్పని వేదావతికి తెలిసింది. దానికి "వారం" అని పేరు పెట్టి, ఒక పిల్ల, ఒక ఇల్లు, ఒక రోజు కలిస్తే ఒక వారమని రాసింది. కాపలా మార్చింది: ఒక పిల్లకు ఒక రోజున ఒకే ఇల్లు ఉండాలి, ఒకే ఇంటికి ఎన్ని రోజులైనా వెళ్ళవచ్చు. అట్ట చూసి మళ్ళీ ఎక్కించింది. గురువారం వచ్చింది. దాని వెంట మరో నాలుగు వారాలు, నలుగురు పిల్లలవి, బయటపడ్డాయి.

"అక్కా, మీరు ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించండి," అని గంగక్కను పంపి, తాను పిల్లల గదికి పరుగెత్తింది.

రేణుక బట్టలు మడత పెడుతోంది.

"నాకెవరి మీదా కోపం లేదక్కా," అంది తలెత్తకుండా. "ఏడాది పెట్టారు. విసుగు రాదా మరి? పొమ్మనకముందే పోతే గౌరవం."

"నిన్నెవరూ తియ్యలేదే. తీసింది నేను. తెలియక." వేదావతి ఫోను చూపించి పట్టిక, కాపలా, జత అంటూ గబగబా చెప్పుకుపోయింది. రేణుక ఆ తెర వైపు చూడనేలేదు.

"అయితే అవ్వ మూడు వారాలూ కూర్చుందా?"

"రెండింటిదాకా."

"నేను రాందే తను తినదక్కా!" మడత పెట్టిన చీర మంచం మీదే పడేసి చెప్పులు వెతుక్కుంది.

గంగక్క వాకిట్లోనే నిలబడి ఉంది. రేణుక ఏదో అనబోయింది. "ముందు కాళ్ళు కడుక్కో. మామిడికాయ పులుసు పెట్టా, అప్పెహుళి. అన్నం చల్లారిపోతోంది," అని ఆవిడ చెయ్యిపట్టి లోపలికి తీసుకుపోయింది. రెండు విస్తళ్ళు ఎదురెదురుగా వేసి, వేదావతిని చూసి మూడోది తెచ్చింది.

"నాకు వద్దక్కా. ఇలాగే పస్తున్న పిల్లలు ఇంకా నలుగురున్నారు. ఆ ఇళ్ళకి వెళ్ళి తప్పు ఒప్పుకోవాలి."

"నాలుగిళ్ళా? తిట్లు తినడానికైనా కడుపులో ఏదో ఉండాలి. కూర్చో," అంది గంగక్క.

రేణుక ముద్ద కలుపుతూ నవ్వింది. "నేనూ వస్తానక్కా. ఆ పిల్లలు మీరు చెబితే నమ్మరు, మొహమాటానికి పిలుస్తున్నారనుకుంటారు. నేను చెబితే నమ్ముతారు."