మా బావగారి నల్లగాజు చేప

పోయిన వారం రాజాంలో ఒక గృహప్రవేశానికి వెళితే, దూరపు చుట్టం ఒకావిడ నా చేతికి నల్లరాతి పూసల గొలుసు తొడిగి, "అగ్నిపర్వతంలో పుట్టిన రాయమ్మా, దిష్టి తగల్దు," అంది. నాకు ఒళ్లు జలదరించింది. మర్యాద కోసం భోజనాలయ్యేదాకా ఉంచుకుని, చేతులు కడుక్కునేటప్పుడు తీసి బ్యాగులో పడేశాను. దాని సంగతి నాకొకరు చెప్పనక్కర్లేదు. అది లావా చల్లారి గాజయిన ముద్ద. దాని బురదను నేను ఆరేళ్లు ఎత్తిపోశాను.

మా అక్క భర్తకు, అంటే మా బావగారికి, రాజాం బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నేను అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతూ వాళ్ల మేడమీద గదిలో ఉండేదాన్ని. మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చాక ఎవరైనా కునుకు తీస్తారు. ఈయన పెరటి పంచలో కూర్చుని, పార్సిల్లో తెప్పించుకున్న ఆ గాజును చెక్కేవారు. ముందు రాగి కడ్డీతో అంచులు నొక్కి పెచ్చులు ఊడగొట్టడం, తర్వాత నీళ్లు పోస్తూ చక్రం మీద అరగదీయడం. పెచ్చులు బ్లేడుకన్నా పదును. ఎప్పుడు చూసినా వేళ్లకు గుడ్డపీలికలు, వాటి మీద ఎండిన నెత్తురు, ఆ చేత్తోనే పెరుగన్నం కలుపుకోవడం! చక్రం కింద కారిన నల్లబురద తూముకు అడ్డం పడితే పుల్లతో లాగే పని నాది. తాబేలు, గుడ్లగూబ, వినాయకుడు, అన్నీ చేశారు. నా కంటికి అన్నీ తారుముద్దలే.

అంతవరకు భరించాం. ఒకరోజు ఆయన సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు నుంచి చందువ చేపను పేపర్లో చుట్టి బస్సులో తెచ్చారు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు అది.

"ఆకారం సూసుకోడానికే, అంతే," అన్నారు.

"ఏటండీ ఇది! ఆ సేత్తో బిందె ముట్టుకున్నారంటే నాను కన్నోరింటికి పోతాను," అంది అక్క, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

మూడోరోజుకు చేప పొట్ట పగిలింది. పంచ నిండా ఈగలు. నేను తూము దగ్గరే వాంతి చేసుకున్నాను. బావగారు తల ఎత్తకుండానే, "కన్నొక్కటే మిగిలింది, ఇంకో గంట," అన్నారు.

గాజుచేప పూర్తయ్యాక, తనకు చందువను అమ్మినామెకు చూపిస్తానని బయల్దేరారు. ఇంకో చేప తేకుండా కాపలాకు అక్క నన్ను వెంట పంపింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నున్నగున్నాది బాబూ. కానీ సచ్చిన సేప. బతికున్నది ఇలగ సాపుగా పడుంటాదేటి?"

బావగారి ముఖం వాడిపోయింది. ఆమె ఆయన్ని ఒడ్డున వల లాగుతున్న చోటికి తీసుకెళ్లి, ఎగిరెగిరి పడుతున్న చేపను చేతుల్లో పెట్టింది. తెల్లపంచె నిండా పొలుసులు, మోచేతులదాకా జిగురు. "సూడు మరదలా, నడుం ఎలగ తిప్పుతన్నాదో!" అని ఆయన నవ్వుతున్నారు. నేను ముక్కు మూసుకుని నాలుగడుగులు వెనక్కి వేశాను.

ఇంటికొచ్చి మళ్లీ చేపను చెక్కడం మొదలుపెడితే రెండు ముద్దలు పగిలాయి. ఎనిమిది నెలలకు మూడోది నిలిచింది. ముందుగా నాకే చూపించాలని వంటింటి గుమ్మం దగ్గరకు తెచ్చారు. ఒళ్లు మెలితిప్పిన చేప. తోక ఎంత పల్చనంటే, అందులోంచి ఎండ పొగరంగులో కనబడుతోంది. నేను చూసింది మాత్రం దాన్ని పట్టుకున్న చేతుల బురదనే. "ముందు చేతులు కడుక్కోండి బావగారూ," అన్నాను. ఆయన చేపను పంచె చెంగులో చుట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు.

మర్నాడు దాన్ని ఆ చేపలామెకే ఇచ్చేసి వచ్చారు. "ఇది పారిపోతాది బాబూ," అందట ఆమె. ఆ మాట అక్కతో చెబుతూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఆమె ఊరు మారి చాలా కాలమైంది. ఎక్కడుందో తెలియదు. బావగారికి ఇప్పుడు చేతులు వణుకుతాయి, టీగ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. అక్కింటి పెరడు అద్దంలా ఉంది. ఆ శుభ్రం చూస్తే నా మీద నాకే రోత పుడుతుంది. ఆ చేపను ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని నాకు అనిపించడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ ఏళ్లు ఆయన వేళ్లను ఊరికే వదల్లేదు.