నలుగురు గిటారిస్టులు, ఒక సోలో

మా బ్యాండులో నలుగురు గిటారిస్టులు ఒకేసారి ఎప్పుడూ లేరు. మేడ్చల్ రోడ్డులోని మా ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకన్నా అలగడానికే ఎక్కువ తీరిక ఉండేది. ఒకడు అలిగి వెళ్లిపోతే ఇంకొకడు గిటారు పట్టుకుని వచ్చేవాడు. అలా చదువు పూర్తయ్యేలోపు నలుగురం మారాం. అందులో నేను రెండోవాణ్ణి. ఇరవై ఏళ్లు దాటాక మా సింగర్‌కి బ్యాండుని మళ్లీ కలపాలని బుద్ధి పుట్టింది. ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడికి కోపమొస్తుందని నలుగురినీ పిలిచాడు. నలుగురూ రారులే అనుకున్నాడట. నలుగురమూ వచ్చాం. రానిది డ్రమ్మరొక్కడే. మోకాళ్ల నొప్పులన్నాడు. మా అందరిలో తెలివైనవాడు వాడే. చేసేది లేక డ్రమ్స్‌ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాం.

నేను వెళ్లింది మాత్రం మా ఆవిడ కోసం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకి నేను గిటారిస్టునని చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఒక్కసారీ వినలేదు. ఇంట్లో వాయించమంటే, రాక్ అనేది స్టేజి మీద వినాలి గానీ కుక్కరు కూతల మధ్య కాదని పెద్ద మాటలు చెప్పి తప్పించుకునేవాణ్ణి. దీపావళికి ఇల్లు దులిపినప్పుడల్లా అటక మీంచి గిటారు దించి, తుడిచి, "ఏవండీ, దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా?" అని అడిగేది. అందులో వెటకారం ఉంటే హాయిగా పోట్లాడేవాణ్ణి. పాపం, నిజంగానే అడిగేది. ఈసారి ఆవిడ వినాలి, అంతే. బ్యాండు ఏమైపోయినా నాకు ఫర్వాలేదనిపించింది.

దూలపల్లిలో మా మొదటి గిటారిస్టుకి ప్లాస్టిక్ బకెట్లు చేసే షెడ్డుంది. ఆదివారాలు మిషను ఆపేస్తాడు కాబట్టి ప్రాక్టీసు అక్కడే. షెడ్డు తనది, కరెంటు తనది కనుక మధ్యలో నిలబడే హక్కూ తనదే అన్నట్టుండేవాడు. నాగారం నుంచి వచ్చే మూడోవాడు కాళ్ల ముందు కూరగాయల బండి పరిచినట్టు, గిటారు మోత మార్చే రంగురంగుల పెడల్స్ పరిచేవాడు. వాడు చేత్తో వాయించినదానికన్నా కాలితో తొక్కిందే ఎక్కువ. నాలుగోవాడు చివరి సంవత్సరం ఒక్కటే మాతో ఉన్నాడు. వాడికి నిజంగానే వాయించడం వచ్చు. అందుకే మాకెవరికీ వాడంటే పడదు.

ఒకడు వాల్యూమ్ పెంచితే మిగతా ముగ్గురమూ పెంచేవాళ్లం. సింగర్ నోరు కదలడం కనిపించేది గానీ పాట వినిపించేది కాదు. అదీ ఒకందుకు మంచిదే. అసలు గొడవ మేం సొంతంగా కట్టుకున్న ఒకే ఒక పాట దగ్గర వచ్చింది. అందులో చివరి చరణానికి ముందు, పాట ఆగి గిటారు మోగే సోలో ఒకటి ఉంది. దాన్ని ఎవరు వాయించాలి?

"ఆ సోలో కట్టింది నేను. నా షెడ్డుల నిలబడి నన్నే అడుగుతాండ్రా?" అన్నాడు మొదటివాడు.

"కడితే కట్టినవ్ గని, జనానికి యాదికున్నది నేను కొట్టిందే," అన్నాడు నాగారం వాడు.

"జనం యాడున్నర్రా?" అన్నాడు సింగర్ నీరసంగా. "ఇగ పరేషాన్ చెయ్యకుండ్రి. తలా ఇంత పంచుకోండ్రి."

అలా సోలోని నాలుగు ముక్కలు చేశాం. ఎవడి వంతు వస్తే వాడు ఒక అడుగు ముందుకొచ్చి తన ముక్క వాయించి వెనక్కి జరగాలి. నేను చివరి ముక్క అడిగాను. చివర విన్నదే చెవుల్లో మిగులుతుందని, చప్పట్లు నావేనని నా లెక్క. ముగ్గురూ వెంటనే సరేనన్నారు. అదంతా నా తెలివే అనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

ప్రోగ్రాం తూంకుంటలో మా కాలనీ వార్షికోత్సవంలో. పిల్లల డాన్సులకీ తంబోలాకీ మధ్య మమ్మల్ని ఇరికించారు. "జర సౌండ్ తక్కువ పెట్టుకోండ్రి సార్," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు. రాక్ బ్యాండుతో ఆ మాట అనొచ్చని ఆయనకి మమ్మల్ని చూడగానే తెలిసిపోయినట్టుంది. పొట్టల మీద బిగుసుకుపోయిన నల్ల టీషర్టులు అలా ఉన్నాయి మరి. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. "మావారు చివర్లో వాయిస్తారు," అని అటూ ఇటూ కూర్చున్నవాళ్లకి చెప్పడం స్టేజి మీంచే కనిపించింది.

సోలో వచ్చింది. మొదటివాడు ముందుకొచ్చి కళ్లు మూసుకున్నాడు. వాడి ముక్క అయిపోయింది, కళ్లు మాత్రం తెరవలేదు. నాగారం వాడు కాసేపు చూసి, పెడల్ తొక్కి, వాడి మీంచే మొదలెట్టాడు. ఇద్దరూ కలిసి నాలుగోవాడి వంతులోకి దూరారు. నాలుగోవాడు మర్యాదస్తుడు, కొంతసేపు ఆగాడు. ఆ తర్వాత వాడికీ మర్యాద చాలనిపించింది. ఇప్పుడు ముగ్గురు ముందు, వాళ్ల వీపుల వెనక నేను.

డ్రమ్మరు మనిషైతే మా మొహాలు చూసి ఇంకో రెండు చుట్లు కొట్టేవాడు. ల్యాప్‌టాప్‌కి ఎవడి మొహం ఎలా ఉందో ఏం తెలుస్తుంది? ముగ్గురూ నాలుగు ముక్కలూ తినేసి వెనక్కి జరిగారు. నేను ముందుకొచ్చి తీగ మీద వేలు పెట్టాను. అప్పటికే చివరి చరణం తాళం వచ్చేసింది. సింగర్ ఒకసారి నావైపు చూసి, మైకు ఎత్తి పాట అందుకున్నాడు. వాడి తప్పేం లేదు.

చప్పట్లకి ఆ ముగ్గురూ వంగి దండాలు పెట్టారు. "మస్తు చేసిండ్రు," అని మైకు లాక్కుని ప్రెసిడెంటు తంబోలా మొదలెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. చుట్టూ జనం నంబర్లు కొట్టుకుంటూ ఉంటే, బట్టతల వస్తున్న మనిషి గిటారు సంచీ జిప్పు వేస్తూ కళ్లు తుడుచుకోవడం ఏం బాగుంటుంది? అయినా తుడుచుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోన్లో వీడియో చూపించింది. అందులో మొదటినుంచీ చివరిదాకా నేనే ఉన్నాను. "వాళ్లు అడ్డొస్తుంటే పక్కకి జరిగి మరీ తీశానండీ," అంది. వీడియోలో నేను పెదాలు కదుపుతూ తాళం లెక్కపెట్టుకుంటున్నాను. "అందరిలోకీ మీరే పద్ధతిగా నిలబడ్డారు," అని ఓదార్చింది. ఆ మాట ఇంకా మండించింది.

మర్నాడు పొద్దున స్టవ్ ఆపేసి, టీవీ కట్టేసి, నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఆ చివరి ముక్క ఇప్పుడు వాయించండి. వింటాను."

సాకులన్నీ అయిపోయాయి. గిటారు తీసి వాయించాను. ఒక్క స్వరం తప్పలేదు. చివరి తీగని మోగినంతసేపు మోగనిచ్చాను. ఆవిడ ఇంకా నా వేళ్లకేసే చూస్తోంది.

"అయిపోయిందా అండీ?"

"అయిపోయింది."

లేచి కుర్చీ పక్కకి జరుపుతూ, కోపం కూడా లేకుండా అడిగింది: "ఇంత చిన్నదానికా, నన్ను ఇన్నేళ్లు ఆగమన్నారు?"