నత్తగుల్లల గీత

మా లంకలో పిల్లకి నడక వచ్చిందంటే నడుముకి తాడు పడేది. చుట్టూరా కొల్లేరు కదండీ. అమ్మలు చేపల తట్టలెత్తుకుని పోతే, గుంజకి కట్టిన పిల్ల తాడు సాగినంత మేరా తిరిగి, మిగతా లోకాన్ని చూసి ఏడ్చేది. నన్నూ అలాగే పెంచారు. మూడో తరగతిలో బడి ఎగ్గొట్టి పారిపోయినప్పుడు మాత్రం ఎవరూ కట్టెయ్యలేదు. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

పందొమ్మిదివందల యాభైల్లో, నాకు ఇరవై నిండిన ఏడు, ఏలూరు నుంచి ఒక పంతులమ్మగారొచ్చారు. జనాన్ని దాటించే నా తాటిదోనెలోనే దింపాను. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, అంతే ఆవిడ సామాను. మూడేళ్ళ పిల్లలకి బడి పెడతారట! మా చుట్టుపక్కల ఎవరూ కనీ వినీ ఎరగని పని.

"ఏవండీ, ముక్కు తుడుచుకోవడం రానివాళ్ళకి ఏం చెబుతారండీ?" అన్నాను.

"ముందు అదే చెబుతానయ్యా. నీకొచ్చా?"

దోనెలో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అప్పటిదాకా మా ఊళ్ళో నన్ను నోటితో గెలిచినవాళ్ళు లేరు.

ఊరిపెద్ద తన వలలు దాచుకునే పాక ఇచ్చాడు. మొదటిరోజు అమ్మలు పిల్లల్ని తెచ్చి, అలవాటు కొద్దీ పాక గుంజలకే కట్టేసి పనుల్లోకి పోయారు. అది బడో పశువుల సంతో నాకు తెలీలేదు. పంతులమ్మగారు ఒక్కో ముడీ విప్పి, సాయంత్రం ఆ తాళ్ళు చుట్టలు చుట్టి అమ్మల చేతికిచ్చేశారు.

ఊరు గగ్గోలెత్తింది. పెద్దాయన వచ్చాడు. "మీరు చదువుకున్నారు, కాదననండి. నీళ్ళ సంగతి మీకేం తెలుసు? నెల చూస్తాను. ఆ తర్వాత ఒక్క పిల్ల ఒంటరిగా నీళ్ళకేసి వెళ్ళినా పాక ఖాళీ చేసి దోనె ఎక్కేయాలి."

"అలాగేనండి," అన్నారావిడ.

ఆ నెలంతా ఆవిడ చదువు చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. పిల్లలు నత్తగుల్లలు ఏరడం, నీళ్ళకి నాలుగు బారల ఇవతల పాక చుట్టూ వరసగా పేర్చడం. వరస వంకర పోతే ఆవిడ సర్దేవారు కాదు. వాళ్ళే సర్దుకునేదాకా కూర్చునేవారు. కేక లేదు, బెత్తం లేదు. రోజూ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళి, నీళ్ళలో గడ దింపి తీసేవారు. దాన్ని పిల్ల పక్కన నిలబెట్టేవారు. తడి తలకంటే పైదాకా ఉండేది. "ఇదిగో, ఇంత లోతు," అనేవారు. అంతే పాఠం.

గడువు రోజున పరీక్ష పెట్టమని పెద్దాయన నాకే చెప్పాడు. నేనేం తక్కువా? మా అక్క కూతుర్ని ఎంచుకున్నాను. మూడున్నరేళ్ళది, తాడు కొరుక్కుని పారిపోయిన ఘనురాలు. దోనె ఒడ్డుకి కాస్త దూరంగా ఆపి, "రావే, జీళ్ళు!" అని మిఠాయి పొట్లం ఊపాను.

పిల్ల రివ్వున వచ్చింది. పంతులమ్మగారు పాక గుమ్మంలో కూర్చున్నారు, సర్దిన ట్రంకుపెట్టె పక్కనే. పిలవలేదు. కొంగు మాత్రం వేళ్ళకి బిగించి చుట్టుకుంటున్నారు.

గుల్లల దగ్గర పిల్ల ఆగింది. బొటనవేలు వాటిని తాకీ తాకకుండా. జీళ్ళకేసి చూసింది, నీళ్ళకేసి చూసింది. చెయ్యి తలమీద పెట్టుకుని, ఇంకా పైకెత్తి చూపించింది.

"ఇంత లోతు మావయ్యా! నువ్వే రా. జీళ్ళు తడపకు."

పుట్టింది నీళ్ళమీద, బతుకుతున్నది నీళ్ళమీద. నీళ్ళంటే ఏమిటో ఆ వయసులో నాకెవరూ చూపించలేదు, కట్టేశారంతే. వేలెడంత పిల్ల, ఎవరూ పట్టుకోకుండా, తనని తానే పట్టుకుని నిలబడింది! ఇప్పుడు రాస్తుంటే కూడా అలాగే కనబడుతోంది.

ఒడ్డున నిలబడి అంతా చూస్తున్న పెద్దాయన ముందుకొచ్చాడు, కాలు తగిలి ఒక గుల్ల పక్కకి దొర్లింది. వంగి, దాన్ని మళ్ళీ వరసలో పెట్టాడు. "జీళ్ళు అందరికీ పంచరా," అని వెళ్ళిపోయాడు. పంతులమ్మగారు ట్రంకుపెట్టె లోపలికి లాక్కున్నారు.

నేను దోనె కట్టేసి, గుల్లలు తొక్కకుండా దాటి, పిల్లల మధ్య చాపమీద కూర్చున్నాను. మూడో తరగతి తర్వాత బడిలో కూర్చోవడం అదే మొదలు.