పందిట్లో మారిన వరస

మా ప్రాంతంలో పెండ్లికి అభ్యంతరం చెప్పదలచినవారు వధూవరుల నడుమ తెర తొలగకముందే చెప్పాలి. తెర తొలగి, జీలకర్ర బెల్లం తలలకు అంటిన తరువాత ఎంతటి పెద్దమనిషి నోరు విప్పినా అది తగవే గాని అభ్యంతరం కాదు. ప్రతి పనికీ ఒక వేళ, ఒక హద్దు ఉండాలని నమ్మే స్వభావం నాది. కనుక ఈ నియమం నాకు నచ్చేది. అయితే ఆ హద్దుకు లోబడి, సరిగ్గా వేళకు ఎవరైనా నిజంగా లేచి నిలబడితే ఏమవుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. నా పెండ్లిలోనే చూశాను.

అది పందొమ్మిది వందల ముప్పయిల చివరి కాలం. నేను ఎల్లారెడ్డిలో ఉర్దూ బడి ఉపాధ్యాయుణ్ణి. పెండ్లికూతురిది కామారెడ్డి పక్క పల్లె. మా నాయన, ఆమె తండ్రి పడుచుతనం నుంచి కలిసి బండ్లు తోలినవారు. వడ్ల బస్తాలు వేసుకొని, అడవిదారిన, ముందొక బండి, వెనుకొక బండిగా కామారెడ్డి స్టేషను దాకా పోయేవారు. ఒకే సద్దిమూట విప్పుకొని తినేవారు. ఇంటిపేర్లు వేరు, చుట్టరికం లేదు. అయినా మా నాయన ఆయనను "తమ్మీ" అనీ, ఆయన మా నాయనను "అన్నా" అనీ పిలిచేవారు. పల్లెలో వరస పెట్టకుండా ఎవరూ ఎవరినీ పిలవరు. పెండ్లి మాట కుదిరినప్పుడు అందరూ ఇంటిపేర్లు చూశారు గాని ఆ పిలుపును చూడలేదు.

చూసినది ఒక్క మా చిన్నవ్వ, అంటే మా నాయనకు పినతల్లి. "వియ్యమందినంక బావ అనాలె కొడుకా. ఇయ్యాల్టి సంది పిలుపు మార్చుకో" అని లగ్గం పెట్టుకొన్న రోజే హెచ్చరించింది. మా నాయన తల ఊపారు. ఆ తరువాత ఆయన చేసినదల్లా వియ్యంకుణ్ణి ఏ పేరుతోనూ పిలవకుండా "ఇగో", "ఇటు జూడు" అంటూ నెట్టుకొని రావడమే.

పెండ్లినాడు తెర పట్టారు. నా అరచేతిలో తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం. తెరకు అవతల ఆమె. అంతలో తెర ఒక కొస జారింది. అటువైపు నిలుచున్నది పెండ్లికూతురి తండ్రి. ముప్పయ్యేండ్ల అలవాటు మా నాయన నోటి నుంచి తన్నుకొని వచ్చింది.

"తమ్మీ, తెర జారుతున్నది. జర మీదికి వట్టుమను!"

"ఆపుండ్రి!" అన్నది చిన్నవ్వ. ఆమె లేచి నిలబడగానే సన్నాయి ఆగిపోయింది. "ఏమన్నవు కొడుకా? తమ్మి అంటివా? తమ్ముని బిడ్డ నీ కొడుక్కు ఏమైతది?"

జవాబు అందరికీ తెలిసినదే. చెల్లెలవుతుంది.

పెండ్లి చేయిస్తున్న అయ్యవారు ఆకాశం వంక చూసి, "లగ్నం దాటుతున్నది, త్వరగా తేల్చుకోండి" అన్నారు. తెర కింద నుంచి నాకు పెండ్లికూతురి పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. పారాణి పెట్టిన వేళ్ళు ముడుచుకొని నేలను పట్టుకొన్నట్లున్నాయి. బాసింగం కట్టిన తరువాత పీటల మీది నుంచి లేవవలసి వచ్చిన పిల్లను మా వైపు మరొకరు చేసుకోరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నోరు జారింది చిన్నమ్మా. బావనే. బావా అంటున్న, అయిపాయెనా?" అన్నారు మా నాయన.

"ఉత్తగ అంటె బావ అయితడా? బావ అయితే ఎక్కిరియ్యాలె. ఎక్కిరియ్యనోడు ఏం బావ? నలుగురి ముందట అను, ఇంటం."

ఆమె అడిగినది న్యాయమే. అన్నదమ్ముల నడుమ పరిహాసం తప్పు. బావల నడుమ అది లేకపోవడమే తప్పు. కాని మా నాయన తమ్ముడిగా చూసుకొన్న మనిషిని ఏమని ఎగతాళి చేస్తారు? నా చేతిలో బెల్లం కరిగి మణికట్టు మీదికి కారింది.

చివరకు పెండ్లికూతురి తండ్రే చేతులు జోడించారు. "ఏమన్న అను బావా. నా బిడ్డ పీటల మీద కూసున్నది."

మా నాయన గొంతు సవరించుకొన్నారు. "నీ కంటె నీ ఎడ్లే నయం రా బావా! కామారెడ్డి తొవ్వ వాటికే ఎరుక. నువ్వు బండిల పండి గురక వెట్టెటోనివి!"

"నా గురకకే గద పులి పారిపోయింది! నువ్వేమో బండి కిందికి దూరినవు బావా!"

పందిరంతా గొల్లున నవ్వింది. "గిప్పుడు వాయించుండ్రి" అని చిన్నవ్వ కూర్చున్నది. తెర తొలగింది.

ఆమె ఎందుకు అడ్డుపడిందో ఎవరికి తోచినది వారు చెప్పుకొన్నారు. తాంబూలం సరిగా అందలేదని కొందరు, నా కోసం ఆమె మనసులో వేరే పిల్ల ఉన్నదని కొందరు. ఆ తరువాత ఏ బంధువులూ ఆమెను పెండ్లికి పిలవలేదు. పెండ్లిపాటలంటే ప్రాణమిచ్చే మనిషి. కొన్నాళ్ళకు నేనే సూటిగా అడిగాను: "అంతమందిల అట్ల చేసుడు అవసరమా అవ్వా?"

"బిడ్డా, నేను గమ్మున కూసుంటె పెండ్లి అయితుండె. రేపు నీ ఇంట్ల దూడ సచ్చినా, వరస గాని పిల్లను తెచ్చిండ్లని నీ పెండ్లాం మీదికే వస్తుండె మాట. గిప్పుడు రమ్మను, ఎవలస్తరో సూద్దాం."

ఇది తర్కమా, మొండితనమా అని చాలాకాలం తేల్చుకోలేకపోయాను. పిలుపు వల్ల రక్తసంబంధం పుట్టదని చదువుకొన్నవాడిగా నాకు తెలుసు.

మరుసటి ఏడు మా తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. పలకరించడానికి ఆడవారు వచ్చి లోపల నా భార్య చుట్టూ కూర్చున్నారు. నేను అరుగు మీద ఉండి ఆ ఒక్క మాట కోసమే చెవి ఒగ్గాను. ఒకామె మొదలుపెట్టింది కూడా: "నేను ఆనాడే అనుకున్న..."

"ఏమనుకున్నవు? వరస పందిట్లనే తేలె. మేమందరం నవ్వితిమి గద! నోరు మూసుకో" అన్నది మరొకామె. అంతటితో ఆ మాట ముగిసింది. తరువాత ఎన్నడూ రాలేదు.

మధ్యాహ్నానికి కామారెడ్డి వైపు నుంచి మా మామగారి బండి వచ్చింది. మా నాయన ఎదురువెళ్ళారు. ఆయన పెదవులు కదలడం చూశాను. "తమ్మీ" అనడానికి ఇక వీలు లేదు. బావతో అనదగిన మాటలేవీ ఆనాడు అనదగినవి కావు. మా నాయన బండి కాడికి ఒక పక్కన చేరి పలుపు విప్పసాగారు. మా మామగారు రెండో పక్కకు పోయి రెండో ఎద్దును విప్పారు.