పొగతోటకు టీకాలు

మేము వేరు కాపురం పెట్టిన కొత్తలో, ఏ కొత్త మాట చెవిన పడినా మా ఆయన పొద్దు గూకేలోగా దాన్ని చేసి చూడాల్సిందే. సారపాకకు ఇవతల, గోదావరి ఒడ్డున మామ ఇచ్చిన చెలకలో పొగతోట వేశాం. అది పండకపోతే మళ్ళీ మామ ఇంటికే పోవాలి, పెద్ద తోడికోడలు వడ్డించిందే తినాలి. (నేను చెబుతుంటే రాస్తున్న నా కోడలు నవ్వుతోంది. ఆమెకేం, వచ్చిన రోజే వేరు పొయ్యి పెట్టుకుంది.)

ఓ రోజు వ్యవసాయం సారు గట్టు మీద నిలబడి చెప్పాడు: "ఒక రకం పొగాకు మొక్క ఉంది. కింది ఆకుకు తెగులు సోకితే, అందులో ఒక రసం పుట్టి ఆకు ఈనెల గుండా పై ఆకులకు కబురు తీసుకుపోతుంది. అవి ముందే గట్టిపడతాయి." నేను విని మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

తెల్లారి చూస్తే నా పసుపు గిన్నెలో తెగులు సోకిన మచ్చలాకు దంచిన రసం, ఆయన చేతిలో నా బొంత కుట్టే సూది. సాలు వెంట కూర్చుని ప్రతి మొక్కకూ ఒక ఆకును పొడుస్తున్నాడు. "ఏందయ్యా గిది?" అన్నాను. "టీకా. నీకు జబ్బ మీద ఒక్కకాడ పొడిస్తే ఒళ్ళంతటినీ కాపాడలేదా? గిదీ గంతే." "మంచిగున్న మొక్కకు రోగం అంటిస్తవా? నా సూది నాకియ్యి." "నీకు సమజ్ కాదు తీ."

సూది లాక్కునేసరికి సగం తోట అయిపోయింది. కొన్నాళ్ళకు పొడిచిన సాళ్ళన్నీ మచ్చలు పడి ముడుచుకున్నాయి. సారు వచ్చి నుదురు పట్టుకున్నాడు. "నేను చెప్పింది వేరే రకమయ్యా. అది తెగులును సోకిన చోటే ఆపుతుంది. మీది ఆపలేదు. సూదితో నువ్వే పంచిపెట్టావు."

మామ వచ్చి, కొడుకు ముఖం చూడకుండా నాతో అన్నాడు: "గిన్నెలు సదురుకో బిడ్డా, ఇంటికి పోదాం." "నేను రాను మామా. సగం ఇంకా పచ్చగనే ఉంది" అన్నాను.

తెగులు చేతులకంటి పాకకుండా, కూలికి వచ్చిన ప్రతి మనిషి చేత బూడిదతో చేతులు కడిగించి, ఆయన్ను అటు అడుగు పెట్టనివ్వకుండా ఆ సగాన్ని కాపాడాను. ఆ ఆకే మా పొయ్యిని నిలబెట్టింది. ఆకు కోసే రోజు ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "చూసినవా? పొడిచినయి పొడవని వాటికి కబురు పంపినయి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆకుల మోపు ఆయన నెత్తికెత్తి "నోరు మూసుకొని నడువు" అన్నాను. ఇప్పుడు ఆ మనిషి లేడు. ఉంటే, మోపు నేనే ఎత్తుకుని, "అవ్, పంపినట్టే ఉన్నయి తీ" అనేదాన్నేమో. (ఒళ్ళయితే ఇప్పటికీ మండుతోంది.)